మోయబ్ రాళ్లు, నాన్న లారీ, నా జీపు ఇరుసు

‘టక్’మని ఒక్కటే చప్పుడు. చెరకు గడ విరిచినట్టు. ఆ తర్వాత ఎంత తొక్కినా ఇంజిన్ అరుస్తోందే గానీ జీపు కదల్లేదు. దిగి చూస్తే వెనక ఎడమ చక్రం జానెడు బయటికొచ్చి ఏటవాలుగా నిలబడి ఉంది. టైము సాయంత్రం నాలుగు. పక్కన మా ఆవిడ. ఇద్దరికీ కలిపి మిగిలినవి లీటరున్నర నీళ్లు.

ఇది జరిగింది అమెరికాలో, యూటా రాష్ట్రంలోని మోయబ్ పక్కన. నేను ఉద్యోగం చేసే సాల్ట్ లేక్ సిటీ నుంచి 370 కిలోమీటర్లు ఉంటుంది. ఐదు వేల పైచిలుకు జనం ఉండే చిన్న ఊరు. 1950ల్లో యురేనియం గనులతో వెలిగింది. ఇప్పుడు ఆర్చెస్ నేషనల్ పార్కు చూడటానికొచ్చేవాళ్లతో, సైకిళ్లతో, జీపులతో బతుకుతోంది. 1967లో మొదలైన ఈస్టర్ జీప్ సఫారీ ఇక్కడిదే. ఆ వారం ఊరు మన సంక్రాంతికి విజయవాడ బస్టాండులా ఉంటుంది.

ఊరి పక్కనే ఉన్న శాండ్ ఫ్లాట్స్‌లో ‘హెల్స్ రివెంజ్’ అనే దారి ఉంది. సుమారు ఆరున్నర మైళ్లు. దారంటే రోడ్డు అనుకునేరు! ఏనుగు వీపులాంటి ఇసుకరాతి గుట్టల మీదుగా పోవాలి. మొదట్లోనే రెండు పక్కలా లోయ. ఈ రాయిని ‘స్లిక్‌రాక్’ అంటారు, అంటే జారే రాయి. పూర్వం గుర్రాల ఇనుప నాడాలు దీనిమీద జారేవట. రబ్బరు టైరు మాత్రం గరుకు కాగితాన్ని పట్టినట్టు పట్టేస్తుంది. అసలు తిప్పలు ఆ పట్టులోనే. బురదలో అయితే టైరు జారిపోయి ఇరుసుని కాపాడుతుంది. ఇక్కడ జారదు. ఇంజిన్ బలం ఎటూ పోలేక ఇరుసుని మెలిపెడుతుంది.

తప్పు నాదే. నాది 2001 రాంగ్లర్. దాని వెనక ఉన్న డానా 35 ఇరుసు కంపెనీ ఇచ్చిన చిన్న టైర్లకి సరిపోతుంది. నేను బాగుంటుందని 33 అంగుళాల టైర్లు వేయించా. టైరు పెద్దదయ్యేకొద్దీ ఇరుసు మీద మెలి పెరుగుతుందని ఇంజనీరింగ్‌లో చదువుకున్నదే. పరీక్ష రాసి మర్చిపోయా, అంతే!

వెనకే వచ్చిన ఒక కుటుంబం సాయం చేసి, టో బండిని పిలిపించి, మమ్మల్ని ఊళ్లోకి చేర్చేసరికి రాత్రి పదకొండు. మా ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. అదే ఎక్కువ భయపెట్టింది.

తర్వాత రెండు నెలలు నాకు అదే పని. ముందున్నవి మూడు దారులు. మొదటిది డానా 44. అందులోని క్రౌన్ వీల్ 8.5 అంగుళాలు, నా పాతదాంట్లో 7.6. నా మోడల్ జీపులకే కొన్నిటికి ఇది వచ్చింది కాబట్టి నేరుగా అమరుతుంది. కానీ అందరూ దానికోసమే వెతుకుతారు, ధర దిగదు. రెండోది డానా 60. క్రౌన్ వీల్ 9.75 అంగుళాలు, పెద్ద ట్రక్కుల సరుకు. మూడోది ఫోర్డ్ 8.8. 1995 నుంచి 2001 దాకా వచ్చిన ఎక్స్‌ప్లోరర్ల కింద ఉంటుంది. పేరులోనే సైజు ఉంది. షాఫ్టు చివర పళ్లు 31, నా పాతదానికి 27. డిస్క్ బ్రేకులు దాంతోపాటే వస్తాయి, చక్రం బోల్టుల కొలత నా జీపుదే. పాత బండ్ల యార్డుల్లో చవగ్గా దొరుకుతుంది.

మనసు మాత్రం డానా 60 మీదే. కుర్రతనం కదా, పెద్దదే కావాలి!

సరిగ్గా అప్పుడే నాన్న మా దగ్గరికి వచ్చారు. ముప్పై ఏళ్లు లారీ నడిపిన మనిషి. గ్యారేజీలో విరిగిన షాఫ్టు చేత్తో పట్టుకుని చూసి, “ఏరా, రాడ్డు విరిగితే చక్రం ఎందుకు ఊడొచ్చింది?” అన్నారు.

నాకు నోట మాట రాలేదు. నిజమే. లారీ వెనక చక్రం మధ్యలో బోల్టుల వరస చూసే ఉంటారు. అక్కడ షాఫ్టు తిప్పడమే చేస్తుంది, బరువు మోసేది హౌసింగూ బేరింగులూ. షాఫ్టు విరిగినా చక్రం చక్రంలాగే ఉంటుంది. నాగపూర్ రోడ్డులో నాన్న విరిగిన రాడ్డు లాగేసి, కొత్తది తోసి, తెల్లారేసరికి బయల్దేరిన కథ చిన్నప్పుడు వందసార్లు విన్నా. నా జీపులో తిప్పేదీ మోసేదీ ఒకే షాఫ్టు. లోపలి చివర చిన్న క్లిప్పు దాన్ని పట్టుకుంటుంది. షాఫ్టు విరిగితే బయటి ముక్కకి ఇక ఆధారం లేదు.

“అయితే లారీ లాంటిదే పెట్టేస్తా నాన్నా” అన్నా.

“ఆటో కింద లారీ ఇరుసు పెడతావా? బండి ఎక్కడో ఒకచోట విరుగుతుందిరా. ఎక్కడ విరిగితే ఇంటికి రాగలవో అది చూసుకో.”

ఆ రాత్రి లెక్క మళ్లీ వేశా. డానా 60 బరువు, దాని మధ్య గుండు కిందికి దిగి ప్రతి రాయికీ తగులుతుంది. పైగా వెనక అంత గట్టిదైతే నేను ఇంకా పెద్ద టైర్లు వేస్తా, విరగడం ఇంకోచోటికి పోతుంది. 33 దాటనని నాకు నేనే ఒట్టు పెట్టుకుని ఫోర్డ్ 8.8 తెచ్చా. దీనిలోనూ క్లిప్పే, దాచను. కానీ షాఫ్టు లావు, డిస్క్ బ్రేకు కాలిపర్ చక్రాన్ని కాస్త అడ్డుకుంటుంది.

కొనడం తేలికే, అమర్చడమే పని. ఎక్స్‌ప్లోరర్‌కి కమాను కట్టలు, నా జీపుకి కాయిల్ స్ప్రింగులు. పాత బ్రాకెట్లు కోసేసి కొత్తవి వెల్డింగ్ చేయించాలి. ముందు ఇరుసూ వెనక ఇరుసూ గేర్ రేషియో ఒకటే కావాలి, నా ముందుది 3.73, అదే వెతికి పట్టుకున్నా. రేషియో తేడా ఉండగా ఫోర్ వీల్ వేస్తే రెండు ఇరుసులూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి.

అక్టోబరులో మళ్లీ వెళ్లాం. అదే రాయి. ఈసారి వెనక సీట్లో రెండు స్పేర్ షాఫ్టులు, ఇరవై లీటర్ల నీళ్లు. ముందు సీట్లో నాన్న. మా ఆవిడ బయట నిలబడి దారి చూపిస్తోంది. నెమ్మదిగా ఎక్కించా. చప్పుడేం రాలేదు.

పైనుంచి కింద కొలరాడో నది కనిపించింది. నాన్న చాలాసేపు చూసి, కిందికి వంగి ఇరుసు చివర చెయ్యి పెట్టి వేడి చూశారు. లారీ ఆపిన ప్రతిచోటా చేసే పనే.

“పర్లేదు, పదండి” అన్నారు.