ఐదో మనిషికి గది

జపాన్ హోటళ్లలో తలల లెక్క తప్పదు. మా ఇంట్లో లెక్కలోకి రాని తల ఒకటుందని అక్కడికి వెళ్లాకే తెలిసింది

జపాన్ ప్రయాణం అనుకోగానే అందరూ విమానం టికెట్ గురించి ఆలోచిస్తారు, ఆ తర్వాత తిండి గురించి. హోటళ్ల సంగతి చివర్లో వస్తుంది. మేమూ అంతే. 2024 మే నెలలో నేను, నా భార్య, పద్నాలుగేళ్ల కూతురు, తొమ్మిదేళ్ల కొడుకు, డెబ్బై ఏళ్ల మా అమ్మ పది రోజుల యాత్రకు బయలుదేరాం. అంతకు కొద్ది రోజుల ముందే, ఏప్రిల్ 29న, యెన్ విలువ 34 ఏళ్ల కనిష్ఠానికి పడిపోయి డాలరుకు 160 దాటింది. మన లెక్కలో యెన్ 54 పైసలకు అటూ ఇటూ. ఇంతకన్నా మంచి సమయం దొరకదని సంబరపడ్డాం. అయితే ప్రపంచమంతా అలాగే అనుకుంది. ఆ ఏడాది జపాన్ వెళ్లిన విదేశీయులు 3.68 కోట్ల మంది. అప్పటికి అదే రికార్డు. కరెన్సీ చవకైంది గానీ గదులు చవక కాలేదు.

గదులు వెతకడం మొదలుపెట్టాక ఒక విషయం బోధపడింది. మన దగ్గర అద్దె గదికి. అక్కడ చాలాచోట్ల మనిషికి. అదే గదికి ఇద్దరని నొక్కితే ఒక ధర, ముగ్గురని నొక్కితే ఇంకో ధర. నగరాల్లోని బిజినెస్ హోటళ్లలో గది వైశాల్యం పన్నెండు, పదిహేను చదరపు మీటర్లు ఉంటే గొప్ప. 'సెమీ డబుల్' అనే మంచం వెడల్పు నాలుగడుగులు. చిన్నపిల్లలు తల్లిదండ్రుల పక్కన పడుకుంటే చాలా హోటళ్లు డబ్బు అడగవు. కానీ అయిదుగురు పట్టే గది మాత్రం దీపం పెట్టి వెతికినా కనిపించదు.

ఎట్టకేలకు టోక్యోలోని ఉయెనో ప్రాంతంలో నాలుగు పడకల ఫ్యామిలీ రూమ్ దొరికింది. రాత్రికి 34,000 యెన్లు. ఎంతమంది అన్నచోట 4 అని కొట్టాను. అమ్మ, చిన్నవాడు ఒకే మంచంమీద సర్దుకుంటారని నా ధీమా. అది మోసమన్న ఆలోచన కూడా రాలేదు. మా చిన్నప్పటి ప్రయాణాలన్నీ అలాగే సాగాయి. నాన్న స్కూలు టీచర్. తిరుపతి సత్రమైనా, భద్రాచలం లాడ్జి అయినా ఒకటే గది. మంచం నాన్నకు, పిల్లలకు. అమ్మ చాప పరుచుకుని తలుపు దగ్గర పడుకునేది. 'నాకు నేలే హాయి' అనేది. నిజమేననుకున్నాం.

టోక్యోలో చెకిన్ మధ్యాహ్నం మూడింటికి. అంతకు ముందు సామాన్లు తీసుకుంటారు గానీ గది ఇవ్వరు. మూడు కాగానే కౌంటర్ దగ్గర నిలబడ్డాం. జపాన్‌లో చిరునామా లేని విదేశీయులందరి పాస్‌పోర్టులూ హోటల్‌వారు చూసి నమోదు చేసుకోవాలన్నది 2005 నుంచి ఉన్న నియమం. ఆ అమ్మాయి మా పాస్‌పోర్టులు ఒక్కొక్కటే తెరిచింది. అయిదోది తెరిచి ఆగింది. తెర వంక చూసింది, మా వంక చూసింది, ముఖంలో నిజమైన బాధతో తలవంచి క్షమాపణ చెప్పింది. గది నలుగురికి. అయిదుగురిని పంపడం కుదరదు.

నేను నవ్వి, బాబు చిన్నవాడని, ఎలాగోలా సర్దుకుంటామని చెప్పాను. ఆమె మళ్లీ తలవంచింది. వెనక క్యూ పెరుగుతోంది. అప్పుడు అమ్మ నా చొక్కా పట్టుకుని లాగింది. "ఎందుకురా గొడవ? మీరు పైకెళ్లండి. నేను ఈ సోఫాలో ఓ పక్కన పడుంటాను" అంది. పరాయి దేశంలో, హోటల్ లాబీలో, రాత్రంతా. మాట వరసకు కాదు, నిజంగానే అంది. నా కూతురు నా ముఖంలోకి చూసింది. ఆ చూపును ఎదుర్కోలేక కౌంటర్ వైపు తిరిగాను.

పదకొండో అంతస్తులో ఒక్కరు పట్టే గది ఖాళీగా ఉందన్నారు. రాత్రికి 11,400 యెన్లు, అంటే ఆరు వేల రూపాయల పైమాటే. తీసుకున్నాం. ఎవరు వెళ్లాలన్న చర్చ వచ్చింది. నేను వెళతానన్నాను. "నానమ్మ గురక పెడుతుంది, ఆవిడకే ఇద్దాం" అన్నాడు చిన్నవాడు. అలా ఆ గది కూడా ఆమె కోసం కాక మా నిద్ర కోసమే ఆమెకు దక్కింది.

కార్డు గోడలో పెడితేనే లైట్లు వెలుగుతాయని, తలుపు దానంతటదే తాళం పడుతుందని, కంగారొస్తే ఫోన్‌లో ఈ అంకెలు నొక్కమని పది జాగ్రత్తలు చెప్పాను. బాత్‌రూమ్ మొత్తం ఒకే అచ్చులో పోసినట్టుంటుంది. 1964 టోక్యో ఒలింపిక్స్ నాటికి హోటల్ న్యూ ఒటానీని హడావుడిగా కట్టాల్సి వచ్చినప్పుడు ఇలా ముందే తయారుచేసిన బాత్‌రూమ్‌లను తెచ్చి బిగించారట. అప్పటినుంచి దేశమంతా అదే పద్ధతి. తొట్టి అంచు ఎత్తు. పట్టుకునే కడ్డీ చూపించాను. రాత్రి రెండుసార్లు వెళ్లి తలుపు బయట చెవిపెట్టి విన్నాను.

పొద్దున ఏడింటికి తలుపు కొడితే తీయలేదు. గుండె జారింది. మూడోసారికి తీసింది. తలస్నానం చేసి, జుట్టు ఆరబెట్టుకుంటూ కిటికీ దగ్గర కూర్చుని కింద రైళ్లు చూస్తోందట. మంచం మధ్యలో ముడతలు. చివరన ఒదిగి పడుకునే మనిషి ఆ రాత్రి మధ్యలో పడుకుంది. "భయమేసిందా?" అంటే, "భయమెందుకు? తలుపు నేనే వేసుకున్నానుగా" అంది. కాస్త ఆగి, "రేపు కూడా ఇదే గదేనా?" అని అడిగింది. ఉయెనోలో ఉన్న మూడు రాత్రులూ ఆ గది ఆమెదే.

నాలుగో రోజు హకోనె వెళ్లాం. పెద్ద సూట్‌కేసులను టోక్యో హోటల్ నుంచే నేరుగా క్యోటోకు పంపేశాం. 1976లో మొదలైన 'తక్క్యూబిన్' అనే ఈ పార్శిల్ సేవ పెద్దవాళ్లతో తిరిగేవారికి వరం. హకోనెలో మేం దిగింది ర్యోకాన్‌లో, అంటే వేడినీటి ఊటలున్న సంప్రదాయ వసతి గృహంలో. రెండు పూటల భోజనంతో తలకింత. అక్కడ గదిని చదరపు అడుగుల్లో కాదు, చాపల్లో కొలుస్తారు. మాది పది తాతామి చాపల గది. రాత్రి భోజనమయ్యాక వచ్చి వరసగా అయిదు పరుపులు పరిచారు. అచ్చం పెళ్లివారి విడిదిలా ఉంది. పిల్లలు దొర్లి దొర్లి నవ్వారు. అయిదుగురం ఒకే గదిలో, ఎవరికీ మంచం లేదు, ఎవరూ తలుపు దగ్గర లేరు. ఈసారి సరిగ్గా ఎంచుకున్నానని మురిసిపోయాను.

తెల్లవారుజామున చిన్న మూలుగు వినిపించి లేచాను. అమ్మ బాత్‌రూమ్‌కు వెళ్లాలనుకుంది. నేల మీది నుంచి లేవలేకపోతోంది. ఎవరినీ లేపకూడదని ఎంతసేపటినుంచి ప్రయత్నిస్తోందో తెలియదు. యాభై ఏళ్లు నేల మీద పడుకున్న మనిషికి, నేలే రాజభోగమైన చోట మోకాళ్లు సహకరించలేదు. మంచాలూ తాతామీ రెండూ ఉన్న గదులు కూడా అక్కడ ఉన్నాయి. బుక్ చేసేటప్పుడు ఫొటో అందం చూశాను గానీ ఆమె మోకాళ్లను తలచుకోలేదు. విషయం తెలిసి ర్యోకాన్ ఆవిడ చిన్న కుర్చీ తెచ్చింది. ముందు రాత్రే చెప్పి ఉంటే మూడు పరుపులు ఒకదానిమీద ఒకటి వేసి ఇచ్చేవాళ్లమని నొచ్చుకుంది.

ఆ బాధను కొంత తీర్చింది ఊట నీళ్లే. స్నానశాలలో ఆడవాళ్లకు ఎర్ర తెర, మగవాళ్లకు నీలం తెర. ఒంటిమీద నూలుపోగు ఉండకూడదు. ముందే శుభ్రంగా కడుక్కుని తొట్టిలో దిగాలి. కాశీలో గంగలో కూడా చీరతోనే మునిగానన్న అమ్మ ససేమిరా అంది. గంటసేపు గడియ వేసుకుని సొంతంగా వాడుకునే చిన్న తొట్టి ఉందని తెలిసి నా భార్య అది మాట్లాడింది. అత్తాకోడళ్లు, మనవరాలు వెళ్లారు. నీళ్ల వేడికి మోకాళ్లు తేలికపడ్డాయని, తీరా సమయం అయిపోయాక నానమ్మే బయటకు రానందని నా కూతురు చెప్పింది.

క్యోటోలో మరో తప్పు చేశాను. అమ్మ తిండికి ఇబ్బంది పడుతోందని వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ హోటల్ తీసుకున్నాను. జపాన్ వంటల్లో చాలావాటికి 'దాషి' అనే చారు ఆధారం. అందులో ఎండబెట్టిన చేప ఉంటుంది. శాకాహారమని చూపిన సూప్‌లోనూ అదే. హకోనెలో ఆమె భోజనం వేడన్నం, మనింటి కందిపొడి. క్యోటోలో స్టవ్ చూడగానే ఆమె ముఖం వెలిగింది. మరుసటి ఉదయం ఆరింటికే ఉప్మా, సాయంత్రం పప్పుచారు. మేం గుళ్లు చూసొచ్చేసరికి ఆమె గిన్నెలు తోముతోంది. ఆమె కోసం తీసుకున్న వంటగది మళ్లీ మా కోసమే పనిచేసింది. రెండో రోజునుంచి ఆ స్టవ్ జోలికి పోనివ్వలేదు.

కోయాసాన్ సంగతి వచ్చేసరికి నాకు బుద్ధొచ్చింది. ఈసారి ముందు ఆమెనే అడిగాను. బస ఎక్కడో ముందే ఖాయమైంది గనక, ఎలాంటి గది కావాలో చెప్పమన్నాను. "కింద పడుకోలేను. పక్కనే బాత్‌రూమ్ ఉంటే చాలు. కుదిరితే వేరే గది" అంది. మూడు కోరికలు. ఒక్కటి కూడా నేను ఊహించలేనిది కాదు. అయినా అడిగేదాకా చెప్పలేదు, చెప్పేదాకా నేను అడగలేదు. గుడికి రాసి గది మార్పించాను.

ఒసాకాలోని నంబా నుంచి రైలు, ఆపైన కేబుల్ కార్. 816లో కూకాయ్ అనే భిక్షువుకు చక్రవర్తి అప్పగించిన కొండ అది. అక్కడున్న 117 గుళ్లలో యాభై దాకా యాత్రికులకు బస ఇస్తాయి. బస్సు ముందుగా ఆగేది 'న్యోనిన్‌దో' దగ్గర. అంటే స్త్రీల మందిరం. 1872లో ప్రభుత్వం నిషేధం ఎత్తివేసేదాకా ఆడవాళ్లకు అక్కడివరకే ప్రవేశం. ఇది చెబితే అమ్మ మొదట అడిగిన మాట: "మరి రాత్రిళ్లు ఎక్కడ పడుకునేవాళ్లు?" ఆ మందిరంలోనే అన్నాను. ఆమె వెనక్కి తిరిగి బస్సు అద్దంలోంచి చాలాసేపు చూసింది.

గుడిలో అమ్మకు మంచం ఉన్న చిన్న గది ఇచ్చారు. మా గదికి, దానికి మధ్య జరిపే తలుపు మాత్రమే. భోజనం పూర్తి శాకాహారం. ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. నువ్వుల ముద్ద, ఎండబెట్టిన టోఫు కూర, సముద్రపు నాచుతో కాచిన చారు. యాత్ర మొత్తంలో ఏమీ అడగకుండా ఆమె తిన్న తొలి భోజనం అది. తెల్లవారి అగ్నికార్యం జరిగింది. దాని పేరు 'గోమ'. మన హోమమే చైనా మీదుగా అక్కడికి చేరి ఆ పేరుతో నిలిచింది. పూజారి పుల్లలు వేస్తూ మంత్రం చదువుతుంటే అమ్మ నా వైపు వంగి, "స్వాహా అంటున్నాడురా" అంది. జపాన్ నోట అది 'సోవాకా' అయింది. నేను పట్టుకోలేకపోయాను, ఆమె పట్టుకుంది.

తిరిగొచ్చాక ఆ డిసెంబర్‌లో విజయవాడలో బంధువుల పెళ్లి. హోటల్‌కు ఫోన్ చేస్తే, "ఫర్లేదు సార్, అయిదో మనిషికి కింద పరుపు వేయిస్తాం" అన్నాడు. వద్దు, రెండు గదులు కావాలన్నాను. పక్క గదిలోంచి అమ్మ వింటోంది. "దండగ కదరా" అంది. నేను ఫోన్ పెట్టేసేలోపే మళ్లీ కేకేసింది: "కిటికీ ఉన్నది అడుగు."