జాంబీ అంటే ఎవరు?

ఆదివారం హాస్టల్ టీవీలో 'జాంబీ రెడ్డి' (2021) చూశాక మాలో పెద్ద వాదన. మనుషుల్ని కరిస్తే జాంబీ సినిమాయే అన్నాను. "అట్లయితే పులి సినిమా కూడా అంతేనారా?" అన్నాడు పక్క మంచం వాడు. అందరూ నవ్వారు.

సైన్సు మాస్టారిని అడిగాం. 1968లో జార్జ్ రొమేరో తీసిన సినిమాలో చచ్చినవాళ్లు లేచి వస్తారట, కానీ జాంబీ అన్న మాటే లేదట. '28 డేస్ లేటర్' (2002)లో వాళ్లు చావలేదు, వైరస్ సోకినవాళ్లు. నా లెక్కలో అది రోగం సినిమా.

అప్పుడు గుర్తొచ్చింది. మలేరియా తగ్గి తూలుతూ నడిచిన మిత్రుణ్ణి "జాంబీ" అని మొదట పిలిచింది నేనే. వాడు రెండు పూటలు అన్నం లైనులోకి రాలేదు. రోగమొచ్చినవాడు బతికున్న మనిషే కదా! నిన్న వాడి ప్లేటు నేనే కడిగాను. మిత్రులారా, ఇక వాణ్ణి పేరుతోనే పిలుద్దాం.

– 9వ తరగతి విద్యార్థి