పీడీఎఫ్ పంపిన కదా!

మీ ఫోన్‌లో ఇప్పుడు ఎన్ని పీడీఎఫ్‌లు ఉన్నాయో ఒకసారి చూడండి. ‘ఇంపార్టెంట్ క్వశ్చన్స్’, ‘ఫైనల్ నోట్స్’, ‘ఫైనల్ నోట్స్ 2’, ‘లాస్ట్ మినిట్ రివిజన్’... వాటిలో చివరిదాకా చదివినవి ఎన్ని? డిగ్రీ రోజుల్లో నా ఫోన్‌లో రెండొందలకు పైనే ఉండేవి. అందులో ఒకటి నా స్నేహితురాలి చదువు దాదాపు ఆపేసింది. అది ఆమెకు పంపింది నేనే.

2016లో డిగ్రీలో చేరాం. ‘దోస్త్’లో ఆన్‌లైన్ సీట్లు, సెమిస్టర్ల సీబీసీఎస్ పద్ధతి రెండూ మా బ్యాచ్‌తోనే మొదలయ్యాయి. హన్మకొండలో ఒక ఇంటి మేడ మీద గదిలో ముగ్గురం అద్దెకు దిగాం. నాది మానుకోట దగ్గర పల్లె. అదే, మీకు మ్యాప్‌లో మహబూబాబాద్ అని కనిపించేది. నేను బీకాం కంప్యూటర్స్. ఇంకొకామెది జనగామ, బీఏలో ఇంగ్లిష్ లిటరేచర్. మూడో ఆమెది భూపాలపల్లి, బీఎస్సీ. ఓనరమ్మకు మా పేర్లు గుర్తుండేవి కావు. ‘‘ఏ జనగామా, మోటర్ బంద్ చెయ్యి’’, ‘‘భూపాలపల్లీ, మీ నాయినొచ్చిండు’’ అని ఊళ్ల పేర్లతోనే పిలిచేది. మాకూ అదే అలవాటైంది.

చేరినప్పుడు ముగ్గురిదీ వరంగల్ జిల్లానే. అక్టోబర్ 11న, దసరా రోజు, కొత్త జిల్లాలు వచ్చాయి. ఒకే జిల్లా వాళ్లంగా సెలవులకు పోయి, మూడు జిల్లాల వాళ్లంగా తిరిగొచ్చాం. ఇక గదిలో గొప్పలే గొప్పలు. ‘‘మా దిక్కు పోతన బమ్మెర ఉన్నది, పాలకుర్తి ఉన్నది’’ అనేది జనగామ. ‘‘మీకు కవులైతే మాకు ప్రొఫెసరే ఉన్నడు. జిల్లాకే జయశంకర్ సార్ పేరు. కాకతీయ యూనివర్సిటీకి వీసీ చేసిండు, తెలుసా?’’ అనేది భూపాలపల్లి. నాకేం తోచక ‘‘మాకు మిర్చి ఉన్నది’’ అనేదాన్ని.

ఆ ఏడాదే ఇంకో మార్పు కూడా వచ్చింది. మేం చేరిన కొత్తలో నోట్స్ అంటే జిరాక్సే. సీనియర్ల చేతిరాత పుస్తకం బతిమాలి తెచ్చుకుని, రాత్రికి జిరాక్స్ తీయించి, పొద్దున్నే తిరిగి ఇచ్చెయ్యాలి. నవంబర్ 8న పెద్ద నోట్లు రద్దయ్యాక చేతిలో చిల్లర లేక జిరాక్స్ షాపులో ఖాతా పెట్టాం. నోట్లు లేక నోట్స్ అప్పు తెచ్చుకున్న బ్యాచ్ మాదేనేమో! సెప్టెంబర్ 5న మొదలైన జియో మాత్రం మెల్లగా ఈ కష్టం తీర్చేసింది. డేటా ఫ్రీ. ప్రతి సబ్జెక్ట్‌కూ ఒక వాట్సాప్ గ్రూప్. ఎవరు రాశారో తెలియని నోట్స్, ఎవరు పంపారో తెలియని గ్రూపుల నుంచి వచ్చి పడేవి. మేం వాటిని చదివేవాళ్లం కాదు, దాచుకునేవాళ్లం. డౌన్‌లోడ్ అయిందంటే సగం చదివేసినంత ధీమా.

భూపాలపల్లి పదో తరగతి దాకా సర్కారు బడి, ఇంటర్ కూడా తెలుగు మీడియమే. కిరణజన్య సంయోగక్రియ గురించి చెప్పమంటే చెట్టు కింద కూర్చోబెట్టి కథ చెప్పినట్టు చెప్పేది. డిగ్రీలో ఇంగ్లిష్ మీడియం తీసుకుంది, తర్వాత ఉద్యోగానికి అదే మంచిదని అందరూ అంటే. అక్కడి నుంచి ఆమె మాటలు తగ్గిపోయాయి. తెలిసిన విషయమే కొత్త పేరుతో ఎదురైతే తెలియనట్టే ఉంటుంది. పెళ్లిలో మేకప్ వేసుకున్న పక్కింటి అమ్మాయిని గుర్తుపట్టలేం కదా, అట్లా.

ఒక సెమిస్టర్ పరీక్షలకు వారం ముందు, రాత్రి పదకొండింటికి నా మంచం దగ్గరికి వచ్చింది. ‘‘ఈ కణ విభజన ఇంగ్లిష్‌ల సమజైతలేదే. ఒక్కసారి నాతోని కూసుంటవా? నువ్వు చదువు, నేను తెలుగుల ఏందో చెప్త’’ అంది. నాకు పొద్దున్నే సీ లాంగ్వేజ్ ఇంటర్నల్ ఉంది. పైగా అది నా సబ్జెక్ట్ కాదు. ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే, ఏదో గ్రూప్‌లో వచ్చిన ఫైల్ ఆమెకు ఫార్వర్డ్ చేసి, ‘‘పీడీఎఫ్ పంపిన కదా, అందులో అన్నీ ఉన్నయ్’’ అన్నాను.

నిజంగానే అందులో అన్నీ ఉన్నాయి. తప్పులతో సహా.

ఫలితాలొచ్చాయి. ఆమెకు ఇంగ్లిష్ పోయింది, సైన్స్ పేపర్ ఒకటి పోయింది. ఇంగ్లిష్ పోతుందని తనకు ముందే భయం. సైన్స్ పోతుందని మాత్రం ఎవరం అనుకోలేదు. నాలుగు మార్కులు తక్కువ. ఆ ఫైల్ తెరిచి ముగ్గురం కూర్చుని చూశాం. ఒక పట్టికలో మైటోసిస్, మియోసిస్ హెడ్డింగులు తారుమారయ్యాయి. మైటోసిస్‌లో నాలుగు కణాలు వస్తాయని, క్రోమోజోములు సగమవుతాయని ఉంది. ఆమె పరీక్షలో అట్లనే దించింది. జనగామ మెల్లగా అడిగింది: ‘‘సమవిభజనల ఎన్ని కణాలొస్తయే?’’ ‘‘రెండు. క్రోమోజోములు తగ్గవు. సగమయ్యేది క్షయకరణ విభజనల’’ అని ఠక్కున చెప్పింది. ‘‘మైటోసిస్ అంటే సమవిభజనే కదనే!’’

గదిలో కాసేపు ఎవరం మాట్లాడలేదు. జవాబు ఆమెకు ఇంటర్ నుంచే తెలుసు. తెలిసిన తెలుగు మాటకూ, బట్టీ పట్టిన ఇంగ్లిష్ మాటకూ మధ్య ఎవరూ గీత కలపలేదు. ఆ రాత్రి ఆమె నన్ను అడిగింది ఆ గీత కలపమనే. ఒక్క ప్రశ్నతోనే పేపర్ పోయిందని అనను. కానీ పేజీలకు పేజీలు అలాగే చదివింది.

ఇంట్లో అప్పటికే సంబంధాలు చూస్తున్నారు. ‘‘సబ్జెక్టులు పోతుంటే ఇంక రూమ్ కిరాయి ఎందుకు?’’ అన్నారు. ఆమె పెట్టె సర్దుకుని వెళ్లిపోయింది. వెళ్తూ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

రెండు వారాలు ఆగి, నేనూ జనగామా పరకాల మీదుగా భూపాలపల్లి బస్సెక్కాం. తప్పు చేసినవాళ్లు పండ్లు పట్టుకుపోయినట్టు, మేం రాత్రులు కూర్చుని రాసిన కొత్త నోట్స్ పట్టుకుపోయాం. వాళ్ల నాన్న సింగరేణిలో, భూగర్భ గనిలో పనిచేసేవాడు. నైట్ షిఫ్ట్ దిగొచ్చి, టీ తాగుతూ మా పుస్తకం తిరగేశాడు. ఆయనకు ఇంగ్లిష్ చదవడం రాదు. అయినా చాలాసేపు చూసి అన్నాడు: ‘‘బాయిల షిఫ్ట్ దిగేటప్పుడు సర్దార్ పుస్తకంల రాస్తడు బిడ్డా. పైకప్పు ఎట్లున్నది, గ్యాస్ ఉన్నదా, ఎక్కడ జాగ్రత్త... తర్వాత షిఫ్ట్‌కు వచ్చేటాయన అది చదివి, సమజైనంకనే సంతకం పెడతడు. అప్పుడు మనుషులు దిగుతరు. పుస్తకం బల్ల మీద పడేసి పోతే అయితదా?’’

ఆయనకు నా ఫార్వర్డ్ సంగతి తెలియదు. కానీ నేను తలెత్తలేకపోయాను. కాసేపటికి నేనే చెప్పేశాను. ఆయన నవ్వి, ‘‘సరే, ఈసారి కూసోని చెప్పుండ్రి. పరీక్ష రాసేదాక వస్తది’’ అన్నాడు.

తిరిగొచ్చాక మా గదిలో నోట్స్ పద్ధతి మారిపోయింది. పేజీకి ఎడమవైపు సన్నగా ఒక గడి. అందులో ప్రశ్న, మనకు తెలిసిన తెలుగు మాట. కుడివైపు పెద్ద గడిలో ఇంగ్లిష్ జవాబు, పరీక్షలో రాయాల్సిన మాటల్లో. పేజీ అడుగున మనం చూసిన ఉదాహరణ ఒకటి. అది సొంతదే అయి ఉండాలి, గ్రూప్‌లోది కాదు.

నా కంప్యూటర్ పేపర్‌కు ‘స్టాక్’ అంటే ఎనుమాముల మార్కెట్‌లో నాన్న దించే మిర్చి బస్తాల దొంతర అని రాసుకున్నా. చివర పెట్టిన బస్తానే ముందు దిగుతుంది. ‘క్యూ’ అంటే మానుకోట స్టేషన్‌లో టికెట్ లైన్. ముందు నిలబడ్డవాడికే ముందు టికెట్. అకౌంట్స్‌లో ఇంటర్ తెలుగు పుస్తకం మళ్లీ తీశా. జర్నల్ అంటే చిట్టా, లెడ్జర్ అంటే ఆవర్జా, ట్రయల్ బ్యాలెన్స్ అంటే అంకణా. ఇవన్నీ నాకు తెలిసినవే! డెబ్టర్, క్రెడిటర్ దగ్గర ఎప్పుడూ తికమకపడేదాన్ని. అడుగున ఇలా రాసుకున్నా: ‘జిరాక్స్ షాపాయన పుస్తకంలో నేను డెబ్టర్. నా పుస్తకంలో ఆయన క్రెడిటర్. బాకీ ఒకటే, పుస్తకాలు రెండు.’ మళ్లీ ఎప్పుడూ తప్పు పోలేదు.

ఇంగ్లిష్ బాధ్యత జనగామది. ప్యాసివ్ వాయిస్‌ను గ్రామర్ పుస్తకంతో కాకుండా భూపాలపల్లి ల్యాబ్ రికార్డ్‌తో చెప్పింది. ‘‘మనం ‘ఆకును ఉడికించాం’ అంటం. రికార్డ్‌ల ‘ది లీఫ్ వాజ్ బాయిల్డ్’ అని ఉంటది. ఎవరు ఉడికించిన్రు అన్నది వాళ్లకు అక్కర్లేదు, ఆకుకు ఏమైందన్నదే కావాలె. అందుకే ప్యాసివ్.’’ ఏళ్ల తరబడి సూత్రంగా బట్టీ పట్టింది ఐదు నిమిషాల్లో అర్థమైంది. బదులుగా భూపాలపల్లి మా ఇద్దరికీ రోజూ పరీక్ష పెట్టేది. కుడివైపు గడి చేత్తో మూసి, ‘‘చెప్పు’’ అనేది. చెప్పలేకపోతే ఆ రోజు అంట్లు మనవే.

మేమేదో కనిపెట్టాం అనుకున్నాం. తర్వాత తెలిసింది, ఇలా గడులు చేసి రాసే పద్ధతిని అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో వాల్టర్ పాక్ అనే అధ్యాపకుడు 1950లలోనే రూపొందించాడట. దానికి కార్నెల్ నోట్స్ అని పేరు. మూసి చెప్పడం మీదా పరిశోధన ఉంది. 2006లో రోడిగర్, కార్పికి అనే ఇద్దరు సైకాలజిస్టులు విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. కొందరు పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు. కొందరు ఒకసారి చదివి, చూడకుండా గుర్తుచేసుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత మాత్రం గుర్తుచేసుకుని రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. మన పరీక్షలు ఐదు నిమిషాల్లో ఉండవు కదా. పరీక్ష ముందు రాత్రి పీడీఎఫ్ స్క్రోల్ చేస్తే ‘అంతా వచ్చేసింది’ అనిపించేది ఎందుకో, పొద్దున్నే హాల్లో అంతా మాయమయ్యేది ఎందుకో అప్పుడు అర్థమైంది.

భూపాలపల్లి సైన్స్ పేపర్ తర్వాతి ప్రయత్నంలోనే పాసైంది. ఇంగ్లిష్ ఇంకోసారి పోయి, ఆ తర్వాత గట్టెక్కింది. డిగ్రీ పూర్తిచేసి బీఈడీ చేసింది. ఇప్పుడొక బడిలో బయాలజీ చెబుతోంది. పిల్లలకు నోట్స్ ఫొటోలు పంపదట. ‘‘మీ మాటల్లో రాసి తీసుకురాండ్రి, నేను చదువుత’’ అంటుందట.

మొన్న మా తమ్ముడు ఫోన్ చేశాడు. వాడిది కూడా బీకాం కంప్యూటర్సే. ‘‘అక్కా, ఇప్పుడు పీడీఎఫ్‌ల అవసరమే లేదు. ఏఐని అడిగితే రెండు నిమిషాలల్ల యూనిట్ మొత్తం నోట్స్ ఇస్తది. నీ పాత పుస్తకాలు అమ్మ పాతసామాన్లోనికి వేస్త అంటున్నది, వెయ్యమందునా?’’

‘‘వెయ్యమను. కానీ ముందు, నీ ఏఐ నోట్స్ మూసిపెట్టి, స్టాక్‌కూ క్యూకూ తేడా చెప్పు.’’

అవతల ఫ్యాన్ చప్పుడు వినిపించింది. ‘‘స్టాక్ అంటే... ముందు వచ్చింది ముందు... కాదు కాదు... ఆగక్కా, ఒక్కసారి చూసి చెప్త.’’

‘‘చూడు. నేను లైన్‌లనే ఉంట’’ అన్నాను.