చిన్న జూ, చిన్న పురుగు

హైదరాబాద్ నెహ్రూ జూ పార్కు 380 ఎకరాలు. రోడ్ ఐలండ్ రాష్ట్రంలో, ప్రావిడెన్స్ నగరంలోని రోజర్ విలియమ్స్ పార్క్ జూ దాదాపు 40 ఎకరాలే. 1872లో మొదలైన ఈ చిన్న జూకి వెళ్తే పిల్లలు నేరుగా పెద్ద జంతువుల దగ్గరికే పరుగెడతారు. కానీ ఈ జూ చేస్తున్న పెద్ద పని ఒక పురుగు కోసం!

దాని పేరు అమెరికన్ బరీయింగ్ బీటిల్. నల్లటి ఒంటి మీద నారింజరంగు మచ్చలు. ఆడా మగా కలిసి చచ్చిన పక్షినో, ఎలుకనో మట్టిలో పాతి, ఆ మాంసంతో పిల్లల్ని సాకుతాయి. అలా నేల శుభ్రమవుతుంది, సారమూ పెరుగుతుంది.

ఒకప్పుడు 35 రాష్ట్రాల్లో ఉన్న ఈ పురుగుని 1989లో అంతరించిపోతున్న జీవుల జాబితాలో చేర్చారు. తూర్పు రాష్ట్రాల్లో సహజంగా మిగిలింది బ్లాక్ ఐలండ్ దీవిలోనే. 1990లలో ఈ జూ వాటిని పెంచడం మొదలుపెట్టింది. అలా పెరిగినవాటిని నాంటకెట్ దీవిలో వదిలారు. మూడో తరగతి పిల్లలు పట్టుబట్టి అడిగితే, 2015లో రోడ్ ఐలండ్ దీన్ని రాష్ట్ర కీటకంగా ప్రకటించింది.

"ఛీ, పురుగా!" అని మొదట మొహం చిట్లించిన మావాడు ఆ కథంతా నోరు తెరుచుకుని విన్నాడు. మర్నాడు పెరట్లో ఏదో పురుగు కనిపిస్తే నేను చెప్పు తియ్యబోయాను.

"ఆగు నాన్నా, అదేం పని చేస్తుందో ముందు చూద్దాం" అన్నాడు.