త్రసరేణువు బరువెంత?

గవాక్షంలోనుండి వచ్చే సూర్యకిరణంలో కదలాడుతూ కనిపించే ధూళికణమునకు త్రసరేణువని పేరు. మనుస్మృతి అష్టమాధ్యాయం తూనికల గణనను అక్కడనే ఆరంభిస్తుంది. ఎనిమిది త్రసరేణువులు ఒక లిక్ష. మూడు లిక్షలు ఒక నల్లావగింజ. మూడు నల్లావాలు ఒక తెల్లావగింజ. ఆరు తెల్లావాలు ఒక యవ. మూడు యవలు ఒక కృష్ణల. కృష్ణల అనగా మన గురువింద గింజయే. గుణించి చూచినచో ఒక గురువిందకు 1296 త్రసరేణువులు.

దివిసీమలోని ఒక గ్రామదేవాలయ అర్చకులకు ఈ గణన బాల్యంనుండి కంఠస్థం. గుడివాడలో భౌతికశాస్త్రం చదువుతున్న వారి కుమారుడు కార్తికమాసంలో ఇంటికి వచ్చి, ఆ లెక్కను మరికొంత దూరం తీసుకొనిపోయినాడు.

అతడు చదివే శాస్త్రంలో కణముల ద్రవ్యరాశిని గ్రాములలో చెప్పరు. ఒక వోల్టు విద్యుత్పీడనాన్ని దాటిన ఎలక్ట్రాన్ పొందే శక్తికి ఎలక్ట్రాన్ వోల్టు అని పేరు. ఐన్‌స్టీన్ సమీకరణం ప్రకారం ఆ శక్తిని కాంతివేగపు వర్గంచేత భాగిస్తే ద్రవ్యరాశి లభిస్తుంది. శతకోటి ఎలక్ట్రాన్ వోల్టులు ఒక గిగా ఎలక్ట్రాన్ వోల్టు. ప్రోటాన్ తూనిక ఈ మానంలో 0.938, స్వర్ణ పరమాణువు తూనిక సుమారు 183.5. మన అంగడిలోని ఒక కిలో 5.61 × 10²⁶. బందరు మిల్లుకు పోయే 75 కిలోల ధాన్యపు బస్తా 4.2 × 10²⁸. వినుటకు భయంకరమైన సంఖ్యలే గాని, పద్ధతి మన పెద్దలు వీశలను తులాలలోనికి మార్చినదే. వీశకు 120 తులాలన్నట్లే ఇదియును.

తులానికి 11.66 గ్రాములు, 96 గురువిందలు అనే గణనను తీసికొని కుమారుడు లెక్కించినాడు. గురువింద 0.1215 గ్రాములు. దానిని 1296 చేత భాగిస్తే త్రసరేణువు సుమారు 94 మైక్రోగ్రాములు, అనగా 5.3 × 10¹⁹ గిగా ఎలక్ట్రాన్ వోల్టులు. వైశేషికుల మతంలో త్రసరేణువునకు ఆరు పరమాణువులు గనుక, పరమాణువు 8.8 × 10¹⁸.

అక్కడ అతని కలం ఆగినది. 1899లో మాక్స్ ప్లాంక్ ప్రకృతి స్థిరాంకములనుండియే సాధించిన మానములలో ద్రవ్యరాశి మానం 1.22 × 10¹⁹! గురుత్వాకర్షణ, సూక్ష్మకణశాస్త్రం రెండును ఒకచోట కలియవలసిన హద్దు అది. కణాదుని పరమాణువు దానిలో ఇంచుమించు మూడు వంతులు.

"నాన్నగారూ, బందరు సభలో ఇది చెప్పండి. మన ఋషులకు ముందే తెలుసునని ఋజువవుతుంది" అని కాగితం చేతికిచ్చినాడు.

అర్చకుల హృదయం పొంగలేదని చెప్పుట అసత్యం. జీవితమంతా శాస్త్రానికి అంకితమైనవానికి ఇటువంటి ప్రశంస మధురంగానే ఉంటుంది. ఆ కాగితాన్ని రెండు దినములు పంచాంగంలో దాచుకొన్నారు.

మూడవనాటి ఉదయం ముఖమండపంలో ప్రక్క గవాక్షంనుండి ఎండ పడుతున్నది. చీపురుతో ఊడ్చిన ధూళి ఆ కిరణంలో లేచి, క్రిందికి దిగుటకే ఇష్టం లేనట్లు తేలియాడుతున్నది. అర్చకులు చాలసేపు చూచి కుమారుని పిలిచినారు.

"నాయనా, నీవు చెప్పిన 94 మైక్రోగ్రాముల వస్తువు ఎంత ఉంటుంది?"

అతడు లెక్కించి, దాదాపు 0.4 మిల్లీమీటర్ల ఇసుకరేణువు అని చెప్పినాడు.

"హంసలదీవి ఇసుకను గుప్పెడు తెచ్చి ఇక్కడ ఎగురవేయి. తేలుతుందేమో చూద్దాం."

కుమారుడు తలవంచుకొన్నాడు. ఎండలో తేలే రేణువు ఇసుకరేణువంత బరువుండదు. దానికన్న వేలరెట్లు తేలిక. మనువు చెప్పినది వ్యవహారంలో దండనార్థం, క్రయవిక్రయార్థం కల్పించుకొన్న మానపరంపర. అడుగుమెట్టును ఎవ్వరూ త్రాసులో పెట్టి తూచలేదు. పైగా గురువిందలన్నియు ఒకే తూనికవి కావు. తులానికి 180 గ్రెయిన్లని స్థిరపరచినది 1833లో కుంపిణీ ప్రభుత్వం. ఇక ఆ లెక్కలోని 'పరమాణువు'లో స్వర్ణ పరమాణువులు నాలుగు వందల కోట్ల కోట్లకు పైగా పట్టును. పరమాణువనగా విభజింపరానిదని గదా కణాదుని ప్రతిజ్ఞ! సంఖ్యలు కలిసినవన్న మాట నిజమే. దారిలో ఇద్దరు ఎదురుపడినంతమాత్రాన బంధువులు కారు.

అయినను ఆయన సభలో ఈ విషయాన్ని విడువలేదు. ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో సువర్ణాన్ని తేజోద్రవ్యంగా పరిగణించినాడు. తేజస్సునకు గురుత్వం లేదు గనుక, బంగారపు బరువు అందులో కలిసిన పార్థివాంశదని నైయాయికుల సమాధానం. నేటి శాస్త్రం చెప్పేది వేరు: ప్రోటాన్‌లోని క్వార్కుల స్వంత ద్రవ్యరాశి మొత్తంలో నూటికి ఒక వంతు మాత్రమే, తక్కినదంతయు వాటి చలనముల, బంధనముల శక్తియే. కావుననే బంగారాన్ని శక్తిమానంలో తూచుట అసంగతం కాదు. చిలకలపూడి గిల్టునగపై పూసిన సన్నని పొరలోనైనా సంగతి ఇదే. ఈ రెండు మతములను ఆయన ప్రక్కప్రక్కన ఉంచి, ఎక్కడ కలియునో, ఎక్కడ కలియవో విడివిడిగా చెప్పినారు. నైయాయికులు బరువును తేజస్సునకు నిరాకరించినారు. నేటివారు తేజస్సులోనే బరువును చూచినారు. ఇది సామ్యం కాదు, విరోధం. విరోధమే విచారణకు యోగ్యమని ఆయన అభిప్రాయం.

చివరకు సభలో ఒక పెద్దమనిషి లేచి, "అయితే స్వామీ, మనవారికి ఇదంతా ముందే తెలుసునన్నమాట!" అన్నారు.

"తెలియదండీ" అన్నారు అర్చకులు.

చప్పట్లు కొద్దిగానే పడినవి. తిరుగుప్రయాణపు బస్సులో కుమారుడు ఆ కాగితాన్ని వెనుకకు త్రిప్పి, గవాక్షపు ధూళికణానికి నిజంగా ఎన్ని గిగా ఎలక్ట్రాన్ వోల్టులుండునో మొదటినుండి లెక్కవేయసాగినాడు.