ఎండ ఎడారి, మంచు ఎడారి.. మధ్యలో మా అమీర్‌పేట హాస్టల్!

మే నెల. అమీర్‌పేటలో మా హాస్టల్‌కి రెండు రోజులుగా వాటర్ ట్యాంకర్ రాలేదు. ఖాళీ బకెట్ పక్కన పెట్టుకుని మెట్ల మీద కూర్చుని, దుబాయ్‌లో ఉన్న మా బావకి వీడియో కాల్ చేశా.

‘‘బావా, ఇక్కడ ఎడారి అయిపోయింది’’ అన్నా.

‘‘ఎడారంటే ఏందో ఎరుకేనా నీకు?’’ అని నవ్విండు బావ.

ఎరుకే! రెండు రకాలూ చూసొచ్చా మరి.

ఆఫీసు పని మీద ఓ జులైలో దుబాయ్ వెళ్లా. ఏసీ బస్సు దిగగానే కళ్లజోడు మీద ఆవిరి పట్టేసింది. సముద్రం పక్కనే, గాలి నిండా తేమ.. అయినా వాన లేదు! ఎందుకంటే ఆ ప్రాంతంలో పైనున్న గాలి కిందికి దిగుతూ వేడెక్కుతుంది, మబ్బు కట్టనివ్వదు. సహారా కథ కూడా ఇదే.

తర్వాతి ఏడాది సెప్టెంబర్‌లో ఫ్రెండ్స్‌తో లద్దాఖ్. లేహ్ 3,500 మీటర్ల ఎత్తు. మొదటిరోజు నాలుగు మెట్లెక్కితే ఆయాసం. అక్కడ వానమబ్బుల్ని హిమాలయాలే అడ్డుకుంటాయి. నుబ్రా లోయలోని హుండర్‌లో ఇసుక దిబ్బలు, రెండు మూపుల ఒంటెలు, వెనకాల మంచుకొండలు! చలికాలం రాత్రుళ్లు మైనస్ 20 డిగ్రీల దాకా పడిపోతుందట.

ఇంత తేడా ఉన్నా రెండు చోట్లా ఏడాదికి పడే వాన 100 మిల్లీమీటర్ల దరిదాపే. ఎడారి అంటే ఇసుక కాదు, వేడీ కాదు.. వాన లేకపోవడం. సాధారణంగా 250 మిల్లీమీటర్లకు తక్కువ పడితే ఎడారే. ఆ లెక్కన ప్రపంచంలో అతిపెద్ద ఎడారి అంటార్కిటికా!

అసలు తేడా ఎండతో వస్తుంది. లద్దాఖ్‌లో రైతు ఎండ కోసం ఎదురుచూస్తాడు. మంచు కరిగితేనే బార్లీ చేనుకి నీళ్లు. దుబాయ్‌లో తాగేది ఉప్పు తీసేసిన సముద్రపు నీళ్లు. అక్కడ బిల్డింగ్ పని చేసే మా బావ లాంటోళ్లకి ఎండే గండం. అందుకే జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదని చట్టం ఉంది. మా జగిత్యాల వైపు ఎన్నో ఇళ్లు ఆ ఎండలో సంపాదించిన డబ్బుతోనే లేచాయి.

మరి మన హైదరాబాద్? ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన. పోయిన జులైలో అమీర్‌పేట నుంచి పంజాగుట్టకి మోకాళ్ల లోతు నీళ్లలో నడిచా. మెట్రోలో అది ఒక్క స్టేషన్ దూరం! ఇంకే మట్టి ఎక్కడుంది, అంతా సిమెంటే. ఆ నీళ్లన్నీ నాలాలో కలిసిపోయాయి.

‘‘ఎనిమిది రెట్ల వాన పడ్డా బకెట్ పట్టుకుని కూసున్నవారా?’’ అన్నడు బావ.

ఏం చెప్పాలో ఆలోచించేలోపు కింద ట్యాంకర్ హారన్ మోగింది. ఫోన్ జేబులో వేసుకుని, బకెట్‌తో పరిగెత్తా.