పొదుపునకు హద్దు

కారు బ్రేకును గూర్చి గృహిణి యొకతె వ్రాయబూనుట మీలో కొందరికి వింతగా దోచవచ్చును. కాని బిడ్డను ప్రక్కన గూర్చుండబెట్టుకొని బండి నడుపు తల్లికి బ్రేకు కంటె ముఖ్యమైన సంగతి మరేమున్నది?

మేము భీమునిపట్టణమున నుందుము. మావారు స్వర్గస్థులై రెండేండ్లయినది. వారు విడిచిపోయిన పాతకారులోనే మా అమ్మాయిని విశాఖపట్టణమున కళాశాలకు దిగవిడిచి వచ్చుచుందును. దారి చాలవరకు సముద్రపు టొడ్డుననే. ఆ యుప్పుగాలి మా కిటికీ చువ్వలనే తినివేయుచున్నది. చక్రముల చాటున నున్న యినుమును విడుచునా?

మొన్నటి వానకాలమున బండి నెలరోజులు కదలక నిలిచియుండెను. తరువాత మేము పోవుచుండగా నొకనాడు మేకపిల్ల త్రోవ కడ్డము వచ్చెను. బ్రేకు త్రొక్కితిని. బండి తిన్నగా నిలువక కుడివైపునకు లాగుకొనిపోయెను. ఎదుటినుండి వచ్చుచున్న లారీవాడు నేర్పరి గనుక తప్పించుకొని పోయెను. అమ్మాయి నోట మాట రాలేదు. ఇల్లు చేరువరకు నా చేతులు వణకుచునే యుండెను.

ఆదివారమునాడు మా మరిది వచ్చెను. అతడు మోటారు మరమ్మతు పనిలో నారితేరినవాడు. వెనుక చక్రములకు రాళ్లు అడ్డుపెట్టి, జాకీతో బండి నెత్తి, జాకీ నొక్కదానినే నమ్మరాదని స్టాండుకూడ పెట్టి, ఎడమ ముందు చక్రము నూడదీసెను. చూచి, "వదినగారూ, ఈ ప్రక్క కాలిపరులో పిస్టను పట్టివేసినది. కుడి చక్రమొక్కటే బ్రేకు పట్టుచున్నది. బండి లాగుట అందుచేతనే. నేను దగ్గర నుండి చెప్పెదను. మీ చేతులతోనే బాగుచేయుడు. మీ బండి గుట్టు మీకు దెలియవలెను" అనెను.

కాలిపరనగా చక్రముతో దిరుగు ఇనుప పళ్లెమును రెండువైపుల నదిమిపట్టు పట్టుకారు వంటిది. మనము పెడలు త్రొక్కగా బ్రేకు ఆయిలు గొట్టముగుండ వచ్చి పిస్టనును త్రోయును. పిస్టను ప్యాడ్లను పళ్లెమునకు నొక్కును. పిస్టను చుట్టును నలుపలకల రబ్బరు సీలొకటి యుండును. అది ఆయిలును కారనీయదు. అంతేగాక, పిస్టను ముందునకు పోవునపుడు తానును రవ్వంత వంగి, కాలు తీయగానే యథాస్థితికి వచ్చుచు పిస్టనును వెనుకకు లాగుకొనును. ఇంత చిన్న రబ్బరుచుట్టు ఇంత పని చేయునని నే నెన్నడు నెరుగను! దాని వెలుపల దుమ్ము చొరకుండ మరియొక రబ్బరు తొడుగుండును. మా బండికి ఆ తొడుగు చిరిగి, తడి లోనికి బోయి, పిస్టను తుప్పుపట్టెను.

ఇక్కడ నా తప్పొకటి యొప్పుకొనవలెను. ఆరునెలల క్రిందట టైర్లు మార్చినవాడు తొడుగు చిరిగినదని చెప్పనే చెప్పెను. వచ్చేనెల చూతమని నేనే పైకము మిగుల్చుకొంటిని.

కాలిపరు నూడదీసి, ఆయిలు గొట్టమును విప్పకమునుపే, నడుమ చెక్కముక్క నుంచి, అమ్మాయిచేత పెడలు మెల్లగా త్రొక్కించితిమి. పిస్టను మొండికేసి మొండికేసి వెలికి వచ్చెను. ఆ నడుమ వ్రేళ్లు పెట్టరాదు; నలిగిపోవును. వెదురుపుల్లతో పాతసీలు తీసితిని. ఇనుప సూదితో తీసినచో లోపలి గోడ గీరుకొనును. కిరసనాయిలు తేబోగా మరిది వలదనెను. పెట్రోలుగాని, కిరసనాయిలుగాని తగిలిన నీ రబ్బరు ఉబ్బి పాడగునట. బ్రేకులకని యమ్ము ద్రావకముతోనే కడిగితిమి.

కడుగగా పిస్టను ప్రక్కను ఆవగింజంత గుంట కనబడెను. "గరుకుకాగితముతో రుద్దిన పోదా?" యంటిని. "మరక పోవును గాని గుంట పోదు, వదినగారూ. సీలు దానిమీదికి వచ్చినప్పుడు ఆయిలు కారును" అని అతడు చెప్పి యూరకుండెను.

పాత చీరలను బొంతలుగా కుట్టుకొను దానను. మాడిన గిన్నెనైనను పారవేయను. పిస్టనును చేతబట్టుకొని చాలసేపు కూర్చుంటిని. ఆరునెలల క్రిందట మిగిలిన ఆ కాసుల వెల లారీ ముందర దాదాపు చెల్లించితిని గదా యని తోచెను. క్రొత్త పిస్టను తెప్పించితిని. లోపలి గోడ నున్నగానే యుండెను గనుక సరిపోయెను. అదియు చెడియున్నచో కాలిపరునే మార్చవలసివచ్చెడిది.

క్రొత్త సీలును క్రొత్త బ్రేకు ఆయిలులో ముంచి పెట్టి, పిస్టనును వంకరపోకుండ చేతితోనే నెట్టితిని. జారుడు పిన్నులకు బ్రేకులకు తగిన గ్రీజే రాచితిని. గొట్టము బిగించు చోట రాగి వాషర్లు మార్చితిమి. కుడి ప్రక్క కాలిపరును గూడ విప్పి చూచి, ప్యాడ్లు రెండు ప్రక్కలను ఒక్కసారే క్రొత్తవి వేసితిమి.

ఇక గాలి తీయుట. అమ్మాయి పెడలు త్రొక్కిపట్టగా నేను నిపులు వదులు చేసి, బుడగలతో ఆయిలు పోయిన పిదప బిగించితిని. బిగించిన తరువాతనే ఆమె కాలు తీయవలెను. బుడగలు నిలుచువరకు ఇట్లే. పైనున్న ఆయిలు డబ్బా యెండకుండ నింపుచుండవలెను. ఈ ఆయిలు గాలిలోని తడిని పీల్చును. డాట్ 4 రకమునకు ప్రమాణము ప్రకారము క్రొత్తదాని మరుగు హద్దు 230 డిగ్రీలకు తగ్గరాదు. తడి చేరినదానికి 155 డిగ్రీలే. వేడికి మరిగి ఆవిరి పుట్టినచో పెడలు నేలకంటి బ్రేకు పట్టదు. కావున తెరచి నిలువయుంచిన ఆయిలు వాడరాదు.

మరిది ప్రతి బోల్టును మరల చూచి, పెడలు గట్టిపడువరకు త్రొక్కించి, తరువాతనే బండి కదల్పనిచ్చెను. జనములేని వీధిలో మెల్లగా పోనిచ్చి బ్రేకు వేసితిని. బండి గీత గీచినట్లు తిన్నగా నిలిచెను. అమ్మాయి నా చేయి పట్టుకొనెను. ఈసారి అది వణకలేదు.

సోదరీమణులారా! పొదుపు ఇల్లాలికి సొమ్మే. కాని చీరలో చిరుగును కుట్టుకొనవచ్చును, బ్రేకులో గుంటను కప్పిపుచ్చరాదు. తెలిసినవారు ప్రక్కన లేనిచో ఈ పనికి పూనుకొనకుడు. పూనుకొనకున్నను, మీ బండి చక్రముల చాటున తొడుగు చిరిగినదని యెవరైన చెప్పినచో, వచ్చేనెల యని మాత్రము అనకుడు.